బొమ్మల బండి మెదక్ దాకా రావాలంటే

మెదక్ చర్చిలోని మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలకు ఎండే ప్రాణం. వెలుగున్నంతసేపు క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం లోపల నిలబడ్డవాళ్ల కళ్లముందు మెరుస్తాయి. పొద్దుగుంకితే బొమ్మ మాయమై నల్లటి అద్దం మిగులుతుంది. వీటిని రూపొందించిన ఫ్రాంక్ సాలిస్‌బరీ బ్రిటన్ రాజకుటుంబీకుల చిత్తరువులు గీసిన పేరున్న చిత్రకారుడు. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన ఆ చర్చికి ఇప్పటికి వందేళ్లు దాటాయి. మెదక్ పట్టణంలో పెరిగే పిల్లవాడు మతంతో నిమిత్తం లేకుండా ఏదో ఒకనాడు ఆ కిటికీల కింద నిలబడే ఉంటాడు. అద్దాన్ని ముక్కలుగా కోసి సీసపు పట్టీలతో ఎలా అతికారో, కథలో ఏ ఘట్టాన్ని చిత్రకారుడు ఎంచుకున్నాడో, ఎందుకు ఎంచుకున్నాడో చెప్పే మనిషి పక్కన ఉంటే ఆ పూట అతనికి గొప్ప పాఠం. ఆ మనిషి లేకపోతే తల ఎత్తి చూసి, ఫొటో దిగి, బయటికి వచ్చేస్తాడు. కళాఖండం ఊళ్లో ఉండటం వేరు, అది ఊరివాళ్లకు అందటం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించడానికే ప్రదర్శనలు, వ్యాఖ్యాతలు, బడిపిల్లల కార్యక్రమాలు ఉంటాయి. వాటికి డబ్బు ఎవరు పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, చిన్న పట్టణాల్లో పెరిగే లక్షలాది పిల్లల చూపు దాని మీదే ఆధారపడి ఉంది.

నాటి ఉమ్మడి మెదక్ జిల్లాను తలుచుకుంటే ఈ దూరం ఎంతటిదో తెలుస్తుంది. ప్రపంచ గ్యాలరీల్లో పేరు తెచ్చుకున్న కె. లక్ష్మాగౌడ్ 1940లో పుట్టింది ఈ జిల్లాలోని నిజాంపూర్‌లోనే. హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని, పల్లె మనుషులనూ మేకలనూ చెట్లనూ ఎచింగులనే అచ్చు చిత్రాల్లోకి ఎక్కించిన ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది. సిద్దిపేటలో 1925లో పుట్టిన కాపు రాజయ్య డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూనే నకాషి అనే జానపద చిత్ర పద్ధతిని ఆధునిక చిత్రంలోకి తెచ్చారు. బోనాలు, బతుకమ్మ ఆడే ఆడవాళ్లు, గొల్లకురుమలు ఆయన బొమ్మల్లో నిలిచిపోయారు. కొండాపూర్‌లో 1940ల మొదట్లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు, పూసలు, సన్నటి తెల్లమట్టి బొమ్మలు బయటపడ్డాయి. అక్కడ కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. 2016 అక్టోబర్‌లో జిల్లా మూడుగా విడిపోయింది. కొండాపూర్ సంగారెడ్డికి పోయింది, రాజయ్య ఊరు సిద్దిపేట వేరే జిల్లా అయింది, అంతకుముందు వరంగల్‌లో ఉన్న చేర్యాల పటచిత్రాల ఊరు కూడా సిద్దిపేటలోనే చేరింది. మెదక్‌కు మిగిలింది ఖిల్లా, చర్చి. లక్ష్మాగౌడ్ ఎచింగును అసలు కాగితం మీద, గీత లోతు కనిపించేంత దగ్గర నుంచి చూడాలంటే మెదక్ పిల్లవాడు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ వైపే చూడాలి. బొమ్మలో ఉన్నది తన ఊరే, కానీ బొమ్మ మాత్రం తన ఊరికి రాదు.

ప్రభుత్వ సొమ్ము ఈ రంగంలోకి ఏ దారిన వస్తుందో సాధారణ పాఠకులకు అంతగా తెలియదు. మన రాజ్యాంగం మ్యూజియాలను రెండు చోట్ల పెట్టింది. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం లాంటి జాతీయ సంస్థలు కేంద్ర జాబితాలో ఉన్నాయి. రాష్ట్రం నడిపే, రాష్ట్రం డబ్బు ఇచ్చే మ్యూజియాలు, గ్రంథాలయాలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. హైదరాబాద్‌లోనే రెండూ కనిపిస్తాయి. 1951 డిసెంబర్‌లో నెహ్రూ చేతుల మీదుగా మొదలైన సాలార్‌జంగ్ మ్యూజియాన్ని 1961లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. దాని ఖర్చు కేంద్రానిది. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం రాష్ట్రానిది. ఇవి కాక కేంద్ర సాంస్కృతిక శాఖకు మ్యూజియం గ్రాంట్ స్కీమ్ అనే పథకం ఉంది. రాష్ట్ర ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు, రిజిస్టరైన సొసైటీలు, ట్రస్టులు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంటే మెదక్ మున్సిపాలిటీకీ అర్హత ఉన్నట్టే. కొత్త మ్యూజియం కట్టుకోవడం, ఉన్నదాన్ని ఆధునికం చేయడం, వస్తువులను డిజిటల్ చేయడం, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం ఇందులోకి వస్తాయి. ప్రదర్శనలకు, వర్క్‌షాపులకు, సెమినార్లకు మరో పథకం ఉంది. కళా సంస్కృతి వికాస్ యోజన కింద లాభాపేక్ష లేని సంస్థలకు మామూలుగా 5 లక్షల దాకా, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల దాకా ఇస్తారు. సొమ్ము విడతలుగా వస్తుంది. ఖర్చు లెక్కలు, వినియోగ ధ్రువపత్రం సమర్పించాకే చివరి విడత విడుదలవుతుంది.

ఈ రెండు పథకాలను పక్కపక్కన పెట్టి చూస్తే మన ఆలోచనా ధోరణి బయటపడుతుంది. పెద్ద మొత్తాలన్నీ గోడలకు, షోకేసులకు, దీపాలకు పోతాయి. చూపించే పనికి దక్కేవి చిన్న మొత్తాలు. అవి కూడా ఒక కార్యక్రమానికి ఒకసారి ఇచ్చేవే. నాటకం, సంగీతం, నృత్యం, సెమినార్లతో పాటు ప్రదర్శన కూడా అదే వరుసలో నిలబడి అడగాలి. భవనానికి శంకుస్థాపన ఉంటుంది, రిబ్బను ఉంటుంది, శిలాఫలకం మీద పేరు ఉంటుంది. పదేళ్లపాటు ప్రతి గురువారం ఒక బడి పిల్లలకు బొమ్మలు చూపించిన మనిషి జీతానికి శిలాఫలకం ఉండదు. కానీ మ్యూజియం బతికుందా లేదా అని తేల్చేది ఆ మనిషే. సాలార్‌జంగ్‌లో నలభై వేలకు పైగా కళావస్తువులున్నాయి. ఏ పెద్ద మ్యూజియంలోనైనా సేకరణలో కొంత భాగమే గ్యాలరీల్లోకి వస్తుంది, తక్కినవి గదుల్లో భద్రంగా ఉంటాయి. గదిలో ఉన్న బొమ్మ ప్రజల ఆస్తే. దాన్ని కాపాడుతున్నది ప్రజల సొమ్మే. ప్రజలు చూడని ప్రజల ఆస్తి ఎవరికి ప్రయోజనం? నా వాదన ఇదే: కళకు ఇచ్చే ప్రభుత్వ గ్రాంటులో గట్టి వాటా చూపించే పనికీ నేర్పే పనికీ విడిగా, ఏటేటా, చట్టం అండతో రావాలి. ఆ సొమ్ము భవనం ఉన్న ఊరికి కాక, పిల్లలున్న ఊరికి చేరాలి.

ఇది కళాభిమానుల కోరికే తప్ప రుజువేముందని అడగవచ్చు. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ అనే చిన్న పట్టణంలో 2011లో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే కళా మ్యూజియం తెరిచారు. అంతకుముందు ఆ చుట్టుపక్కల అంత పెద్ద కళా మ్యూజియం లేదు. పిల్లలను తీసుకొస్తామని లెక్కకు మించి బడులు ముందుకు రావడంతో ఎవరు ముందు రావాలో చీటీ వేసి తేల్చారు. పరిశోధకులకు అది అరుదైన అవకాశం. వచ్చిన బడులనూ, ఇంకా వంతు రాని బడులనూ పోల్చారు. 123 బడులు, దాదాపు 11 వేల మంది విద్యార్థులు, 500 మంది దాకా ఉపాధ్యాయులు ఆ అధ్యయనంలో ఉన్నారు. ఒక్క పూట చూసివచ్చిన పిల్లలు కూడా కొన్ని వారాల తర్వాత ఒక కొత్త బొమ్మను ముందు పెడితే తక్కినవాళ్ల కంటే ఎక్కువ వివరాలు గమనించి, కారణాలతో మాట్లాడగలిగారు. ఎదుటివారి స్థితిని ఊహించుకోవడంలో కూడా తేడా కనిపించింది. ఇక్కడ మనకు ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పల్లెల నుంచి, పేద బడుల నుంచి వచ్చిన పిల్లల్లో ఈ లాభం మిగతావారి కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇంట్లో, వీధిలో ఇలాంటివి ఎదురుపడని పిల్లవాడికి మొదటిసారి చూడటమే పెద్ద మలుపు. నగరం పిల్లవాడికి అది పదో సారి. ఒకే రూపాయి ఎక్కడ ఎక్కువ పనిచేస్తుందో ఈ లెక్క చెబుతుంది.

క్రిస్టల్ బ్రిడ్జెస్‌కు పిల్లలను రప్పించింది ఏమిటో కూడా గమనించాలి. ప్రవేశం ఉచితం అన్నంత మాత్రాన బడులు కదలలేదు. బస్సు ఖర్చు, మధ్యాహ్న భోజనం, పిల్లలతో వచ్చిన టీచర్ల స్థానంలో బడిలో పాఠం చెప్పేవారి జీతం అన్నీ ఒక దాతృత్వ నిధి భరించింది. మన దగ్గర పురావస్తు శాఖ మ్యూజియాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు ఇప్పటికే టికెట్ లేదు. మెదక్ పిల్లవాడికీ కొండాపూర్‌కీ మధ్య అడ్డం ఉన్నది టికెట్ కాదు. బస్సు కిరాయి, ఒక రోజు తిండి, తోడు వచ్చే ఇద్దరు టీచర్లు, అక్కడికి వెళ్లాక ఆ తెల్లమట్టి బొమ్మల గురించి పిల్లల భాషలో చెప్పే ఒక మనిషి, ఇవీ అడ్డాలు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా పిల్లలకు పది రోజులు బ్యాగు లేని బడి ఉండాలనీ, స్థానిక చేతిపనుల వాళ్లను, చారిత్రక స్థలాలను, కళాకారులను పరిచయం చేయాలనీ చెప్పింది. మాట మంచిదే. ఆ పది రోజులకు కిరాయి ఏ పద్దులోంచి రావాలో కూడా రాసి ఉంటే ఇంకా మంచిది.

ఇక అందరూ వేసే ప్రశ్న: ఆసుపత్రిలో మంచాలు చాలనప్పుడు, బడిలో బాత్రూములు సరిగా లేనప్పుడు బొమ్మలకు డబ్బెందుకు? దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అడిగేవాళ్ల బాధ నిజమైనది. అయితే ఈ ప్రశ్నకు జవాబు మెదక్ నేల మీదే నిలబడి ఉంది. మెదక్ అన్న పేరే మెతుకు నుంచి వచ్చిందంటారు, ఇది మెతుకు సీమ. మొదటి ప్రపంచయుద్ధం నాటి కరువులో తిండి లేక జనం అల్లాడుతుంటే చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ ఊరికే గంజి పోసి ఊరుకోలేదు. చర్చి కట్టే పని పెట్టి, పనికి కూలీగా తిండి ఇచ్చాడు. పదేళ్లపాటు సాగిన ఆ పని వల్ల ఆనాడు కడుపులు నిండాయి, తర్వాత నూరేళ్లుగా ఊరికి ఒక గొప్ప కట్టడం మిగిలింది. ఆ సొమ్ము సర్కారుది కాదు, మిషన్ విరాళాలది. కానీ తిండి ముందా కళ ముందా అన్న పోటీ పెట్టకుండా రెండింటినీ ఒకే పనిలో కలపవచ్చని అది చూపించింది. పైగా మనం మాట్లాడుతున్న మొత్తం ఎంత? ఒక జిల్లాలో ఏడాదికి నాలుగు చిన్న ప్రదర్శనలకు, వాటి వెంట నడిచే బడి కార్యక్రమాలకు అయ్యే ఖర్చును ఒక ఆసుపత్రి భవనంతో తూచడం న్యాయం కాదు. ఆ సొమ్ము ఆపినంత మాత్రాన ఒక్క మంచమూ పెరగదు.

ప్రభుత్వం ఎందుకు, కంపెనీలున్నాయి కదా అనేవారున్నారు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టమంది. దాని ఏడో షెడ్యూలులో వారసత్వ సంపద, కళ, సంస్కృతి, గ్రంథాలయాలు, చేతివృత్తులు అన్నీ ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెప్పింది. తూప్రాన్, మనోహరాబాద్ వైపు పరిశ్రమలున్న మెదక్ జిల్లాకు ఇది అక్కరకొచ్చే మాటే. ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయ 2015 నుంచి మ్యూజియం బస్సును ఊళ్లకూ బడులకూ తిప్పుతోంది, దానికి ఒక బ్యాంకు అండగా నిలిచింది. ఇలాంటి సాయాన్ని స్వాగతించాలి. కానీ కంపెనీ తన పేరు ఎక్కువమందికి కనిపించే చోట ఖర్చు పెడుతుంది, ఒక ఏడాది ఇచ్చి మరుసటి ఏడాది మానేస్తుంది. దాన్ని తప్పుపట్టలేం, దాని స్వభావమే అది. ఏటా బడి తెరిచినట్టు ఏటా ప్రదర్శన రావాలంటే అడుగున ప్రజల సొమ్ము ఉండాలి, పైన దాతల సొమ్ము చేరాలి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మరొకటి. సర్కారు డబ్బిస్తే సర్కారు చెప్పిన బొమ్మే గోడకెక్కుతుంది కదా? ఇది నిజమైన ప్రమాదం. అమెరికాలో మ్యూజియాలకూ గ్రంథాలయాలకూ ఫెడరల్ సాయం ఇచ్చే సంస్థను చట్టం అనుమతించినంత మేరకు కుదించమని 2025 మార్చిలో అధ్యక్షుడు ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఆ తర్వాతి వారాల్లోనే కళలకు, మానవీయ శాస్త్రాలకు అప్పటికే మంజూరైన గ్రాంట్లు అనేకం రద్దయ్యాయి. పెద్ద దేశం, పాత సంస్థలు, అయినా ఒక సంతకంతో కదిలిపోయాయి. బ్రిటన్ రెండో ప్రపంచయుద్ధం అయ్యాక 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ పెట్టినప్పుడు డబ్బు ప్రభుత్వానిది, ఎంపిక నిపుణులది అన్న పద్ధతిని ఎంచుకుంది. మన లలిత కళా అకాడమీ కూడా 1954లో అలాంటి స్వతంత్ర సంస్థగానే మొదలైంది. ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన ఇంటి పన్ను రసీదులోనే ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో ప్రతి వంద రూపాయలకు ఎనిమిది రూపాయలు గ్రంథాలయ సెస్సుగా జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. ఏ మంత్రీ దయతలచి ఇచ్చే సొమ్ము కాదది. గ్రంథాలయోద్యమం నడిపిన తెలుగు జాతి తెచ్చుకున్న హక్కు. వసూలైన సెస్సు మొత్తం గ్రంథాలయాలకు చేరడం లేదన్న ఫిర్యాదు ఎప్పటినుంచో ఉంది, అది నిజమే. అయినా హక్కుగా రాసి ఉంది కాబట్టే బకాయి అని అడగగలుగుతున్నాం. మ్యూజియం విద్యకు అలాంటి రాత ఎక్కడా లేదు. అందువల్ల రానిదాన్ని బకాయి అని అడిగే వీలు కూడా లేదు.

ఫోన్‌లో అన్నీ దొరుకుతున్నాయి కదా అనేవారికి ఒక్క మాట. మ్యూజియాల వస్తువులను ఇంటర్నెట్‌లో పెట్టడం అవసరమైన పని, పరిశోధకులకు అది వరం. కానీ ఆరంగుళాల తెర మీద చేర్యాల పటమూ, పెళ్లి పత్రికా ఒకే సైజులో కనిపిస్తాయి. మీటర్ల పొడవున చుట్ట విప్పుతూ, కథకుడు ఒక్కో గడిని చూపిస్తూ పాడుకునే పటం అది. దాని పొడవు కంటికి తెలియకపోతే ఆ కళ తెలిసినట్టు కాదు.

అసలు బొమ్మలను ఊరూరా తిప్పడం కష్టమన్నది నిజమే. బీమా కావాలి, పెట్టెలు కావాలి, తేమ నుంచి ఎండ నుంచి కాపాడాలి, కాపలా ఉండాలి. దీనికి కూడా నాటి హైదరాబాద్ రాష్ట్రమే ఒక దారి చూపించింది. 1914లో ఏర్పడ్డ నిజాం పురావస్తు శాఖ యజ్దానీ నాయకత్వంలో అజంతా చిత్రాలను బాగు చేయడానికి ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. చిత్రాలకు జాగ్రత్తగా నకళ్లు గీయించింది, పెద్ద పెద్ద సంపుటాలుగా అచ్చువేయించింది. ఆ నకళ్లతో స్టేట్ మ్యూజియంలో ఒక గ్యాలరీయే ఉంది. అజంతా కొండ ఎక్కలేనివాళ్లు హైదరాబాద్‌లో అజంతాను చూశారు. ప్రజాధనంతో చేసిన నిజమైన కళావిద్య అది. నిజమైన కొలతలో తీసిన మేలైన ముద్రణలు, నాణేల అచ్చులు, మట్టిబొమ్మల నమూనాలు ఈ రోజుల్లో అప్పటికంటే సులువు. పిల్లలు వాటిని చేత్తో పట్టుకోవచ్చు కూడా. తిప్పే బండి విషయానికొస్తే, మన దేశంలో ప్రభుత్వ సైన్సు మ్యూజియాలు 1965లో కలకత్తా నుంచి మొదలుపెట్టి బస్సుల్లో సైన్సు ప్రదర్శనలను పల్లె బడులకు తీసుకెళ్తున్నాయి. సైన్సుకు అరవై ఏళ్లుగా ఒప్పుకున్న ఖర్చును చిత్రకళకు ఒప్పుకోకపోవడానికి కారణం కనిపించదు.

మెదక్‌కు ఏం కావాలో చెప్పుకోవడం ఇప్పుడు కష్టం కాదు. కొత్త భవనం అడగనక్కర్లేదు. జిల్లా గ్రంథాలయం ఉంది, బడులున్నాయి, ఖిల్లా ఉంది, చర్చి ఆవరణ ఉంది. సాలార్‌జంగ్, స్టేట్ మ్యూజియం, కొండాపూర్ మూడూ తమ సేకరణల నుంచి జిల్లాలకు పంపదగ్గ ప్రదర్శనలను తయారుచేయాలి. దానికయ్యే ఖర్చు వాటి వార్షిక గ్రాంటులోనే విడి పద్దుగా ఉండాలి. ప్రతి ప్రదర్శన వెంట తెలుగులో, ఉర్దూలో వివరాలు, టీచర్లకు ఒక పూట శిక్షణ, చెప్పే మనిషికి గౌరవప్రదమైన జీతం ఉండాలి. చర్చి కిటికీల గురించి, ఖిల్లా రాతిపని గురించి చెప్పడానికి ఊళ్లోని యువతకే శిక్షణ ఇస్తే ఆ జీతం ఊళ్లోనే ఉంటుంది. గ్రాంటు తీసుకున్నవారు ఎన్ని వేల చదరపు అడుగులు కట్టారో కాకుండా, ఎన్ని సర్కారు బడుల పిల్లలు ఎన్నిసార్లు వచ్చారో లెక్క చెప్పాలి. ఆ లెక్క ఊళ్లో అందరికీ కనిపించేలా గోడకు అంటించాలి. డబ్బు దారి తప్పుతుందన్న భయానికి అంతకన్నా మంచి మందు లేదు.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం మెదక్ గ్రంథాలయంలో పుస్తకాల పక్కన లక్ష్మాగౌడ్ ఎచింగుల ముద్రణలు, రాజయ్య బతుకమ్మలు, కొండాపూర్ నాణేల అచ్చులు పెట్టమని అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. టీచర్లు, తల్లిదండ్రులు, వార్డు సభ్యులు కలిసి ఒక కాగితం రాసి గ్రంథాలయ సంస్థకు, మున్సిపాలిటీకి, హైదరాబాద్ మ్యూజియాలకు పంపండి. ఆ కాగితం నకలు దగ్గర ఉంచుకోండి. ఈ ఏడాది కాదంటే వచ్చే ఏడాది మళ్లీ పంపండి.